మిగిలిన నిమిషాలు ఎవరి ఖాతాలోకి?

ఈ పుటలలో సాధారణంగా మధుమేహాన్ని గురించో, రక్తపోటును గురించో, వర్షాకాలపు జ్వరాలను గురించో ముచ్చటిస్తూ ఉంటాను. ఈ పర్యాయం ఒక యంత్రాన్ని గురించి వ్రాయవలసి వచ్చింది. దానికి నిమిత్తమైనది మా వదినగారి రక్తపోటే కనుక మరీ దారి తప్పినట్లు భావించనక్కరలేదు.

వదినకు 79 ఏళ్లు. పాతికేళ్లుగా రక్తపోటు ఉన్నది. మా అన్నయ్య గతించిన తరువాత ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లే బాధ్యత నాది. ఆ మధ్య నగరంలోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాము. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. బల్ల మీద ఒక చిన్న పరికరం పెట్టి, “మనం మాట్లాడుకున్నదంతా ఇది విని, తనే కేసు షీటు తయారు చేస్తుంది సార్. నేను టైపు చేయనక్కరలేదు” అన్నాడు. కృత్రిమ మేధ అని ఇప్పుడు అందరూ అంటున్నది ఇదే. నిజం చెప్పాలంటే నాకు ముచ్చట వేసింది. ఇటీవల కొన్నేళ్లుగా నేను చూసిన డాక్టర్లందరూ రోగికి చెవిని, కంప్యూటరుకు కన్నును ఇచ్చిన వారే. ఇతడు వదిన ముఖంలోకి చూసి మాట్లాడాడు.

వదిన తన ధోరణిలో చెప్పుకుపోయింది. “ఆ తెల్లమాత్ర వేసుకుంటే కాళ్లు వాస్తున్నాయి బాబూ. పక్షం రోజులైంది మానేసి. మిగతావన్నీ వేళకు వేసుకుంటున్నాను.” అప్పుడతడు ఆమె చేతికి పట్టీ చుడుతున్నాడు. రక్తపోటు 170/100. తెర మీద సిద్ధమైన కాగితాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, సరే అని నొక్కాడు. మందుల చీటీ వచ్చింది. నమస్కారం పెట్టి బయటికి వచ్చాము.

మందుల దుకాణం వరుసలో నిలబడి, పాత అలవాటు కొద్దీ ఆ కాగితం చదివాను. “సూచించిన మందులన్నీ క్రమం తప్పక వాడుచున్నారు. కాళ్ల వాపు ఉన్నది.” ఇదీ యంత్రం వ్రాసినది. మందులన్నీ వాడుతున్నా రక్తపోటు తగ్గలేదు కనుక, ఆ తెల్లమాత్ర అమ్లోడిపిన్‌ను 5 మిల్లీగ్రాముల నుంచి 10కి పెంచారు. కాళ్ల వాపునకు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర ఒకటి కొత్తగా చేర్చారు. వైద్యంలో ఓనమాలు వచ్చిన వారికి ఇందులోని విపరీతం వెంటనే తెలుస్తుంది. చీలమండల వాపు అమ్లోడిపిన్ వల్ల కొందరికి వచ్చేదే. మోతాదు పెంచితే వాపు పెరుగుతుంది. ఆమె మానేసిన మాత్రను రెండింతలు చేసి, దానికి తోడు మూత్రం మాత్ర కూడా ఇస్తే, అవి రెండూ బుద్ధిగా వేసుకున్న మొదటి వారంలోనే ఏ అర్ధరాత్రో లేచి స్నానాల గదికి వెళ్తూ కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఆ వయసులో తుంటి ఎముక విరగటం అంటే ఏమిటో నేను వార్డులలో చాలినంత చూశాను. (సందర్భం వచ్చింది కనుక ఒక మాట: మాత్ర పడకపోతే మీ అంతట మీరు మానవద్దు. డాక్టరుకు చెప్పండి, మార్చే మందులు ఉన్నాయి.)

తిరిగి లోపలికి వెళ్లాను. ఆ కుర్రవాడు చాలా నొచ్చుకున్నాడు. “అమ్మగారు చెప్పటం నేనూ విన్నాను సార్. కానీ షీటులో అలా కనబడేసరికి అదే నిజమనుకున్నాను” అన్నాడు. మందు మార్చి వ్రాశాడు. రోజుకు ఎంతమందిని చూస్తున్నావు బాబూ అని అడిగాను. తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. “ఇదివరకు నలభై టోకెన్లు ఇచ్చేవారు సార్. ఈ మిషను వచ్చాక అరవై చేశారు. టైపింగు సమయం మిగులుతుంది కదా అని.”

నేను ఈ వ్యాసం వ్రాయటానికి కారణం యంత్రం చేసిన తప్పు కాదు. మనుషులం మేమూ తప్పులు చేశాము; నేను చేసినవి కొన్ని ఇప్పటికీ రాత్రులు నిద్ర పట్టనివ్వవు. కారణం ఆ నలభై అరవై కావటం. రోగి కోసం, డాక్టరు కోసం అని చెప్పి తెచ్చిన యంత్రం మిగిల్చిన నిమిషాలను, ఇద్దరిలో ఎవరూ ముట్టుకోకముందే మూడవ వాడు జేబులో వేసుకున్నాడు. ఆ మిగిలిన సమయంలోనే కదా డాక్టరు కాగితం చదివి సరిచూడవలసినది! ఆ సమయాన్నే తీసివేశారు.

నన్ను యంత్రద్వేషి అనుకునే వారికి ముందుగానే ఒక సంగతి మనవి చేస్తాను. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో గాజు సిరంజిలను గిన్నెలో మరగబెట్టేవారు. మూత్రంలో చక్కెర చూడాలంటే పరీక్షనాళికలో బెనెడిక్ట్ ద్రావణం పోసి మంట మీద కాచి, నీలం రంగు ఇటుక రంగుకు తిరుగుతుందా అని చూసేవాళ్లం. హిమోగ్లోబిన్‌ను సాలీ గొట్టంలో చుక్కచుక్కగా నీరు కలుపుతూ కంటితో రంగు పోల్చి చెప్పేవాళ్లం. ఉదయం వెలుతురులో ఒక అంకె, సాయంత్రం మరొక అంకె వచ్చేది. ఆ పనులన్నిటినీ యంత్రాలు తీసుకున్నాయి. ఎవరూ కన్నీరు కార్చలేదు, కార్చవలసిన అవసరమూ లేదు. క్షయ అనుమానితులను ఏరే తొలి పరీక్షలో ఛాతీ ఎక్స్‌రేలను కంప్యూటరు చేత చదివించవచ్చునని, 15 ఏళ్లు పైబడిన వారి విషయంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. రేడియాలజిస్టు ముఖమే ఎరుగని ఏజెన్సీ గ్రామాలలో అది వరమే. చూసేవాడే లేని చోట చూసే యంత్రం రావటానికీ, చూసేవాడు ఉన్న చోట అతని చూపును కుదించటానికి యంత్రాన్ని వాడటానికీ మధ్య ఉన్న తేడానే నేను చెప్పదలచినది.

పని తగ్గితే సమయం మిగులుతుంది, మిగిలిన సమయం మనకే దక్కుతుంది అన్న నమ్మకం పాతది. జాన్ మేనార్డ్ కీన్స్ అనే ఆర్థికవేత్త 1930లో ఒక వ్యాసం వ్రాస్తూ, నూరేళ్లలో మనుమల తరానికి వారానికి 15 గంటల పని చాలునని ఊహించాడు. ఆ గడువు 2030తో తీరుతుంది. అంత దూరం ఎందుకు? మన వంటింటిని చూడండి. నా చిన్నతనంలో ఇడ్లీ అంటే పండుగకో, చుట్టాలు వచ్చినప్పుడో. మా అమ్మ ముందురోజు సాయంత్రం రోటి దగ్గర కూర్చుని పొత్రం తిప్పుతూ పప్పు రుబ్బేది. తరువాత గ్రైండరు వచ్చింది. గంట పని పావుగంట అయింది. మరి ఇంటి ఇల్లాలికి ముప్పావుగంట మిగిలిందా? ఇడ్లీ రోజువారీ ఫలహారం అయింది. దానికి రెండు చట్నీలు తోడయ్యాయి. రోజూ ఆ గ్రైండరు కడిగే పని ఒకటి కొత్తగా వచ్చి చేరింది. రుచిగా తిన్న మేమెవ్వరమూ ఆ ముప్పావుగంట ఎటు పోయిందని ఆమెను అడగలేదు.

వైద్యంలో ఇదే కథ ఒకసారి జరిగిపోయింది. అమెరికాలో 2009లో చట్టం తెచ్చి, వేల కోట్ల డాలర్లు వెచ్చించి, కాగితపు కేసు షీట్ల స్థానంలో కంప్యూటరు రికార్డులను ప్రవేశపెట్టారు. డాక్టర్ల వ్రాతపని తగ్గుతుందన్నారు. ఏడేళ్ల తరువాత, 2016లో, 57 మంది డాక్టర్ల పక్కన గడియారం పట్టుకుని కూర్చుని లెక్క కట్టారు. రోగితో ముఖాముఖి గడిపిన ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు కంప్యూటరు ముందు, బల్లపని కింద పోతున్నాయని తేలింది. అక్కడ స్థిరపడిన నా సహాధ్యాయులు కొందరు రాత్రి భోజనాలయ్యాక పడక మీద కూర్చుని ఆనాటి రోగుల వివరాలు ఎక్కించటం నేను స్వయంగా చూశాను. ఎందుకు అలా జరిగింది? వ్రాయటం సులువైన కొద్దీ వ్రాయమని అడిగేవారు పెరిగారు. బీమా సంస్థకు ఒక గడి, న్యాయవాదికి ఒక గడి, నాణ్యతా విభాగానికి ఒక గడి. ఇప్పుడు ఆ గాయానికి మందుగా ఈ వినే యంత్రాన్ని తెచ్చారు. పుండు పెట్టిన చేతులే మలాము అమ్ముతున్నాయి.

ఆ మలాము గుణం ఎంతో కూడా లెక్క చూద్దాం. కాలిఫోర్నియాలోని పర్మనెంటే మెడికల్ గ్రూప్ తమ డాక్టర్లు ఏడాదికి కొంచెం పైగా కాలంలో, 25 లక్షలకు పైగా సందర్శనలలో ఈ యంత్రాన్ని వాడి, సుమారు 15,700 గంటల వ్రాతపని ఆదా చేశారని ప్రకటించింది. అంకె ఘనంగానే ఉన్నది. గంటలను సెకన్లుగా మార్చి సందర్శనల సంఖ్యతో భాగించండి. రోగికి 23 సెకన్లయినా రావు. అక్కడి డాక్టర్లకు ఈ పరికరం నచ్చింది, రోగి వైపు తిరిగి మాట్లాడగలుగుతున్నామని చెప్పారు. ఆ మాటను నేను కాదనను, నా కళ్లతో నేనే చూశాను. కానీ ఆ 23 సెకన్లను చూపి ఇరవై టోకెన్లు పెంచితే అది ఏ గణితమో నాకు అర్థం కాదు.

ఇక మన దేశానికి వద్దాం. 67 దేశాల సమాచారం సేకరించి 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, డాక్టరు రోగితో గడిపే సమయం స్వీడన్‌లో 22.5 నిమిషాలు, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు అని తేలింది. మన దేశం రెండు నిమిషాల దగ్గర నిలిచింది. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో కూర్చున్న వారికి ఈ సంగతి ఏ అధ్యయనమూ చెప్పనక్కరలేదు. మేము కేసు షీట్లు వ్రాస్తూ సమయం పోగొట్టుకున్న వాళ్లం కాదు. చీటీ మీద మూడు ముక్కలు గిలికి తరువాతి వారిని పిలిచిన వాళ్లం. వ్రాతపనే లేని చోట వ్రాతపని తగ్గించి ఎంత సమయం మిగులుస్తారు? మన రోగికి లేనిది డాక్టరు, టైపిస్టు కాదు.

వ్రాతపని భారం నిజంగా మోస్తున్న వారు వేరే ఉన్నారు. వారి పేరు ఎవరూ ఎత్తరు. ఐదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం, దానికి ఒక ఏఎన్ఎం. గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, జనన మరణాలు, కుటుంబ నియంత్రణ, మందుల నిల్వ, జ్వరాల సర్వే. నా హయాములో మా ఏఎన్ఎం ఒకామె రిజిస్టర్లన్నీ గోనెసంచిలో వేసుకుని బస్సెక్కి నెలవారీ సమావేశానికి వచ్చేది. ఆమె పనిలో యంత్రం చేయదగినది ఏదైనా ఉంటే అది ఇదే, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. తరువాతి కాలంలో ట్యాబులు ఇచ్చారు, అన్‌మోల్ వంటి యాప్‌లు వచ్చాయి. పదవీ విరమణ తరువాత ఒక ఉపకేంద్రానికి వెళ్లినప్పుడు చూశాను. ట్యాబు ఉన్నది, రిజిస్టర్లూ ఉన్నాయి. “సిగ్నలు లేకపోతే ఎలాగమ్మా, రిజిస్టరు కూడా వ్రాసిపెట్టు అన్నారు సార్” అని నవ్వింది ఆ అమ్మాయి. మొదట పుస్తకంలో, తరువాత ట్యాబులో. పని రెండింతలయింది. దానికి పెట్టిన పేరు సాంకేతిక పురోగతి.

మన ప్రభుత్వాలు కృత్రిమ మేధను ముందుగా దేనికి వాడుకున్నాయో గమనించారా? హాజరుకు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 జనవరి నుంచి ఉద్యోగుల ముఖాలను ఫోను గుర్తుపట్టి హాజరు వేయటం మొదలైంది. డాక్టర్లు వేళకు రావాలి, అందులో వాదన లేదు. రాని వారిని ఎరుగుదును కూడా. కానీ ఉద్యోగి పని తేలిక చేసే యంత్రం కంటే ముందుగా అతని మీద నిఘా పెట్టే యంత్రం వచ్చిందంటే, ఈ సాంకేతికత ఎవరి అవసరం కోసం వస్తున్నదో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1980ల మొదట్లో మెట్ట ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాణ్ణి. ఓపీ రిజిస్టరు వ్రాసే పని కాంపౌండరుది. క్రమసంఖ్య, పేరు, వయసు, ఊరు, జబ్బు, ఇచ్చిన మందు. రోజుకు నూరు మంది వస్తే నూరు వరుసలు. అంతకంటె విసుగైన పని లోకంలో మరొకటి లేదు. ఆయన మంచివాడే, కానీ ఊరు అనే గడిలో మొదటి వరుసలో కేంద్రం ఉన్న ఊరి పేరు వ్రాసి, కింద అంతా డిటో గీతలు పెట్టేవాడు. వచ్చేవారిలో ఎక్కువమంది ఆ ఊరివారే కనుక ఎవరూ పట్టించుకోలేదు. ఒకసారి ఆయన కూతురి పెళ్లికి సెలవు పెట్టాడు. రిజిస్టరు నా మెడకు చుట్టుకున్నది. నాకు డిటోలు పెట్టటం చేతకాక, ప్రతివారినీ అడిగి ఊరు పేరు వ్రాశాను. రెండో రోజు సాయంత్రం వ్రాస్తూ వ్రాస్తూ చెయ్యి ఆగిపోయింది. వాంతులు, విరేచనాలు అని వచ్చిన వారిలో ఏడుగురు ఒకే పల్లెవారు. ఎవరికీ ప్రమాదస్థితి లేదు కనుక ఓపీలో విడివిడిగా చూసినప్పుడు ఏ అనుమానమూ రాలేదు. మర్నాడు ఉదయం సైకిలు మీద వెళ్లాను. మంచినీళ్ల బావికి ఒక పక్క గట్టు కూలి ఉన్నది. పశువులశాల నుంచి వాననీరు తిన్నగా అందులోకే దిగుతున్నది. బ్లీచింగు పొడి వేయించాము. అప్పటికే నీరసించిన ఇద్దరు పిల్లలను కేంద్రానికి తెచ్చి సెలైను పెట్టి దక్కించుకున్నాము. ఇంకొక వారం డిటోలు పడి ఉంటే ఎంతమంది అయ్యేవారో చెప్పలేను.

దీనికి యువమిత్రులు ఏమంటారో తెలుసు. కంప్యూటరు ఉంటే రెండో రోజు సాయంత్రం దాకా ఎందుకు, నాలుగో రోగికే ఎర్రజెండా ఎత్తేది కదా అంటారు. అక్షరాలా నిజం. ఎత్తాలి, ఎత్తించండి, ఆ యంత్రం పెడితే మొదట చప్పట్లు కొట్టేవాణ్ణి నేనే. అయితే ఆ గడిలో ఊరు పేరు ఎవరో ఒకరు అడిగి నింపాలి. అడిగే తీరిక లేనప్పుడు డిటో పడుతుంది. మా కాంపౌండరు చేతితో పెట్టిన డిటోకూ, వదిన కాగితంలో “మందులన్నీ క్రమం తప్పక వాడుచున్నారు” అన్న వాక్యానికీ భేదం ఏమున్నది? వేలకొద్దీ కాగితాలలో సామాన్యంగా కనబడే వాక్యాన్ని యంత్రం అక్కడ వేసింది. మామూలుగా జరిగేదాన్ని ఊహించి నింపటం దాని స్వభావం. జబ్బు అనేది మామూలు తప్పిన చోట మొదలవుతుంది.

మాటలను వ్రాతగా మార్చే ఒక ప్రసిద్ధ యంత్రాన్ని 2024లో పరిశీలించిన వారు, నూటికి ఒక శబ్దఖండం దరిదాపులో మనిషి అననే అనని వాక్యాలను అది సృష్టించి చేర్చిందని చూపారు. మాట్లాడుతూ మధ్యలో ఎక్కువగా ఆగే వారి విషయంలో ఈ కల్పన ఎక్కువట. మధ్యలో ఆగేది ఎవరు? పక్షవాతం వచ్చి మాట కోసం తడుముకునేవారు, ముసలివారు, ఏడుపును దిగమింగుకునేవారు. మౌనాన్ని వినటం మా గురువులు మాకు నేర్పిన మొదటి పాఠాలలో ఒకటి. యంత్రం ఆ మౌనంలో సొంత మాటలు కూర్చుతున్నది.

ఇంకొక నష్టం ఉన్నది, అది నెమ్మదిగా తెలుస్తుంది. పోలండ్‌లో పెద్దపేగు పరీక్ష చేసే అనుభవజ్ఞులైన డాక్టర్లకు, క్యాన్సరుగా మారగల కణుతులను చూపించే కృత్రిమ మేధను అమర్చారు. కొంతకాలం దానికి అలవాటు పడిన తరువాత, ఆ యంత్రం లేకుండా చేసిన పరీక్షలలో వారు కణుతులు పట్టుకున్న నిష్పత్తి 28.4 శాతం నుంచి 22.4 శాతానికి దిగిందని 2025లో ప్రచురించారు. ఆ ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పనక్కరలేదు. కానీ కర్ర ఊతం అలవాటయిన కాలు సన్నబడటం ఎముకల డాక్టర్లందరికీ తెలిసినదే. ఇప్పుడు చదువుతున్న పిల్లలు కేసు షీటు ఒక్కటి కూడా స్వహస్తంతో వ్రాయకుండానే డాక్టర్లయితే? కేసు షీటు వ్రాయటాన్ని గుమాస్తా పనిగా చూసేవారు దానిని ఎన్నడూ వ్రాయని వారు. నేను వ్రాస్తూనే ఆలోచించేవాణ్ణి. “మందులు వాడుచున్నారు” అని ఒక వరుసలోనూ, “మాత్ర మానివేసినది” అని మరొక వరుసలోనూ వ్రాయబోతే కలం తనంత తానే ఆగుతుంది. ఇది రొటీను పని, ఇది బుద్ధికి సంబంధించిన పని అని గీత గీసే అధికారం ఆ పని చేసేవారిది. యంత్రం అమ్మేవాడికీ, కొనే యాజమాన్యానికీ ఆ గీత ఎక్కడ ఉన్నదో కనబడదు. వారికి కనబడేది గంటకు ఎంతమంది అన్నది ఒక్కటే.

కనుక యంత్రం వద్దని నేను అనటం లేదు, షరతులు పెట్టమంటున్నాను. వినే యంత్రం పెట్టిన ఆసుపత్రి, అది రాకముందు డాక్టరుకు గంటకు ఎంతమంది రోగులో, వచ్చిన తరువాత ఎంతమందో తన గోడ మీద వ్రాసి పెట్టాలి. రెండో అంకె మొదటిదాని కంటె ఎక్కువైతే, సమయం ఆదా అన్న మాట ప్రకటనల్లో వాడే హక్కు దానికి లేదు. ప్రభుత్వాలు ఒక యాప్ ప్రవేశపెట్టిన నాడే దానికి సరిపడే రిజిస్టరును మూసివేస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. రిజిస్టరు మూయలేని పక్షంలో యాప్ ఇవ్వకూడదు. ఏఎన్ఎంకు మిగిలిన గంట ఇంటింటి సందర్శనకే అని ఆ ఉత్తర్వులోనే వ్రాయాలి, లేకపోతే మరో నెలకు మరో సర్వే ఆ గంటలోకి వచ్చి కూర్చుంటుంది. ఇక సరే అని నొక్కిన డాక్టరుదే బాధ్యత అని ఈ ఆసుపత్రులన్నీ కాగితాల మీద వ్రాయించుకుంటున్నాయి. మంచిదే. అయితే ఆ కాగితం చదవటానికి ఇన్ని నిమిషాలు అని కూడా అదే కాగితం మీద వ్రాయాలి. బాధ్యతను డాక్టరుకు, నిమిషాలను యాజమాన్యానికి పంచే న్యాయం ఏ దేశానిది?

పాఠకులకు ఒక హక్కు గుర్తు చేస్తాను. మీ వైద్య రికార్డులు కావాలని కోరితే 72 గంటలలో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నియమావళిలో ఉన్నది. మందుల చీటీ మాత్రం తీసుకుని వచ్చేయకండి. మీ గురించి ఏమి వ్రాసుకున్నారో ఆ కాగితం కూడా అడగండి. మీకు ఆంగ్లం రాకపోతే డాక్టరునే చదివి చెప్పమనండి. ముఖ్యంగా మూడు చోట్లు చూడండి: ఏ మందులు వాడుతున్నారని వ్రాశారు, ఏ మందు పడదని వ్రాశారు, జబ్బు కుడివైపా ఎడమవైపా. సిగ్గుపడకండి. డాక్టరు విసుక్కుంటే అతని మీద కోపం తెచ్చుకోకండి, బయట టోకెను నంబరు ఎంత నడుస్తున్నదో చూడండి.

కిందటి వారం వదినను మళ్లీ తీసుకువెళ్లాను. ఈసారి ఆమె క్యాలెండరు కాగితం వెనుక తన మాత్రల పేర్లన్నీ పెద్ద అక్షరాలతో వ్రాయించుకుని వచ్చింది. మానేసిన దాని మీద అడ్డగీత. కాళ్ల వాపు తీసింది. రక్తపోటు 140/80. పరికరం బల్ల మీద అలాగే ఉన్నది. అంతా అయ్యాక కుర్రడాక్టరు సరే నొక్కబోతుంటే వదిన చెయ్యి చాపి ఆపింది. “అదేం వ్రాసిందో ఒకసారి నాకు చదివి వినిపించు బాబూ” అన్నది. అతడు నా వైపు చూసి నవ్వి, ఒక్కొక్క వాక్యాన్ని తెలుగులోకి మార్చి చదివాడు. నిమిషంన్నర పట్టింది. ఒక చోట ఆమె వయసు తప్పు పడితే దిద్దాడు. బయటికి వచ్చేసరికి వరండాలో నలభై రెండో నంబరు పిలుస్తున్నారు. గోడ గడియారం ఇంకా పన్నెండు కొట్టలేదు.